సొంత కప్పు లేనివారికి కమ్యూనిటీ సోలార్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టించుకోవడం గురించి ఈ శీర్షికలో రాసిన ప్రతిసారీ, "మాకు అలాంటి కప్పే లేదు, మా సంగతేమిటి?" అని అడుగుతూ ఉత్తరాలు వస్తున్నాయి. అద్దె అపార్ట్‌మెంట్లలో ఉండేవారు, కప్పు మీద హక్కు సంఘానిదే అయిన టౌన్‌హోమ్‌లలో ఉండేవారు, ఇంటి చుట్టూ పెద్ద చెట్లున్నవారు, కప్పు ఉత్తరం వైపు వాలి ఉన్నవారు ఇలా అడుగుతున్నారు. అమెరికాలో దాదాపు సగం కుటుంబాలకు సొంతంగా సోలార్ పెట్టుకునే వీలు లేదని అక్కడి జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల 2015లో అంచనా వేసింది. అంటే అడుగుతున్నవారు ఏ కొద్దిమందో కాదు. వారి కోసం వచ్చిన ఏర్పాటే కమ్యూనిటీ సోలార్ చందా. ఈసారి ఉత్తరాలు ఎక్కువగా న్యూజెర్సీ నుంచి వచ్చాయి కనుక ఆ రాష్ట్రపు సంగతులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో రెండు పడకగదుల అద్దె అపార్ట్‌మెంటులో ఉంటున్నాము. ఇండియన్ సరుకుల దుకాణం ముందు బల్ల వేసుకుని కూర్చున్న ఒకాయన, మా ఇంట్లో ఒక్క పలకా పెట్టకుండానే సోలార్ వల్ల కరెంటు ఖర్చు 20 శాతం తగ్గుతుందని చెప్పి, సంతకం పెట్టమన్నారు. ఎక్కడో తయారైన కరెంటు మా ఫ్లాట్‌కు ఎలా వస్తుంది? ఇది మోసం కాదు కదా?

సమాధానం: ఈ పథకం మోసం కాదు. న్యూజెర్సీలో దీన్ని 2019లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2023లో శాశ్వత కార్యక్రమంగా మార్చారు. రాష్ట్ర ప్రజోపయోగ సేవల బోర్డు దీన్ని పర్యవేక్షిస్తుంది. అయితే పథకం నిజమైనదైనంత మాత్రాన దాని పేరు చెప్పుకుని వచ్చే ప్రతి మనిషీ నిజం చెబుతాడని కాదు. అందుకే ఇది ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెబుతాను.

ఒక సంస్థ ఏ గోదాము కప్పు మీదో, పార్కింగ్ స్థలం పైన వేసిన పందిళ్ల మీదో, మూసివేసిన చెత్తదిబ్బ మీదో వేల పలకలు బిగిస్తుంది. వాటి నుంచి వచ్చే కరెంటును నేరుగా ఆ ప్రాంతపు విద్యుత్తు సంస్థ తీగల్లోకి పంపుతుంది. ఆ కరెంటు మీ ఫ్లాట్‌ను వెతుక్కుంటూ రాదు. దగ్గరలో ఎవరు స్విచ్ వేస్తే వారికి చేరుతుంది. మీ మీటరు, మీ తీగలు, కరెంటు పోతే మీరు ఫోన్ చేయవలసిన సంస్థ, ఇవేవీ మారవు. మారేది లెక్క ఒక్కటే. ఆ ప్లాంటులో కొంత వాటాను మీ ఖాతా పేరున రాస్తారు. ఆ నెలలో మీ వాటా మీద ఎన్ని యూనిట్లు తయారయ్యాయో చూసి, వాటి విలువను విద్యుత్తు సంస్థ మీ బిల్లులో క్రెడిట్‌గా తగ్గిస్తుంది. ఆ క్రెడిట్ మీకు దక్కినందుకు మీరు సోలార్ సంస్థకు చందా కడతారు. సరైన ఒప్పందంలో చందా క్రెడిట్ కంటే, అందులో రాసుకున్న శాతం మేరకు, తక్కువగా ఉంటుంది. ఆ తేడాయే మీకు మిగిలే డబ్బు.

ఒక నెల లెక్క చూడండి. మీ కరెంటు బిల్లు 130 డాలర్లనీ, మీ వాటా మీద వచ్చిన క్రెడిట్ 100 డాలర్లనీ, ఒప్పందంలో తగ్గింపు 20 శాతమనీ అనుకుందాం. విద్యుత్తు సంస్థకు మీరు కట్టవలసింది 30 డాలర్లు. సోలార్ సంస్థకు కట్టవలసింది 80 డాలర్లు. రెండూ కలిపితే 110, అంటే మిగిలింది 20 డాలర్లు. ఈ 20 శాతం క్రెడిట్ మీద వచ్చే తగ్గింపే కాని మొత్తం బిల్లు మీద కాదు. మొత్తం బిల్లుతో పోలిస్తే అది 15 శాతం పైచిలుకు మాత్రమే. దుకాణం ముందు కూర్చున్నాయన ఈ తేడా చెప్పి ఉండరు. న్యూజెర్సీ శాశ్వత కార్యక్రమంలో చేరిన ప్లాంట్లు క్రెడిట్ మీద కనీసం 15 శాతం తగ్గింపు తప్పనిసరిగా ఇవ్వాలి కనుక, అంతకంటే తక్కువ ఇస్తామనే వారితో మాట్లాడవలసిన అవసరం మీకు లేదు.

ఊరికే డబ్బు ఎందుకు ఇస్తారన్న అనుమానం సహజం. ప్లాంటు కట్టిన సంస్థకు మీ చందాతో పాటు, అక్కడ తయారైన ప్రతి యూనిట్‌కూ పునరుత్పాదక ఇంధన ధ్రువపత్రాల (ఆ కరెంటు పర్యావరణ విలువను తెలిపే, అమ్ముకోగల పత్రాల) ద్వారా ఆదాయం వస్తుంది, ప్లాంటు పెట్టుబడి మీద సమాఖ్య ప్రభుత్వపు పన్ను రాయితీ కూడా లభించింది. ఆ ఆదాయంలో ఒక భాగాన్ని చందాదారులకు వదులుకుంటేనే రాష్ట్రం ఆ ప్లాంటును కార్యక్రమంలోకి అనుమతిస్తుంది. అంటే ఇది ఎవరి ఔదార్యమూ కాదు. చట్టం పెట్టిన షరతు. నా దృష్టిలో చందాదారులు ధైర్యంగా ఉండడానికి అదే మంచి కారణం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎలెన్స్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో 2006లోనే పట్టణ ప్రజలు ఉమ్మడిగా డబ్బు పెట్టి సోలార్ ప్లాంటు ఏర్పాటు చేసుకున్నారు. కొలరాడో 2010లో, మిన్నెసోటా 2013లో దీనికోసం చట్టాలు చేశాయి. అక్కడ వీటిని సోలార్ తోటలు అంటారు, మన పెరటి తోటల్లా. ఒకే పెద్ద వ్యాపార సంస్థ తోటనంతా ఆక్రమించుకోకుండా, మిన్నెసోటా చట్టం ఒక్కో తోటకు కనీసం 5 మంది చందాదారులు ఉండాలని, ఎవరి వాటా 40 శాతానికి మించకూడదని నియమం పెట్టింది.

ప్రశ్న: మిన్నియాపొలిస్ దగ్గర ఒక కాండోలో ఉంటాను. కిందటి సంవత్సరం శరత్కాలంలో చందాలో చేరాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాకు ఆదా అయింది నెలకు రెండు మూడు డాలర్లే. నన్ను తప్పుదోవ పట్టించారా?

సమాధానం: మీరు చలికాలం లెక్క మాత్రమే చూశారు, వేసవి దాకా ఆగి చూస్తే చిత్రం మారుతుంది. ఉత్తర రాష్ట్రాల్లో డిసెంబరులో పగలు చిన్నది, సూర్యుడు దిగంతానికి దగ్గరగా ఉంటాడు, మీ దగ్గర పలకల మీద మంచు కూడా పేరుకుంటుంది. జూన్, జూలైలలో తయారయ్యే కరెంటులో సగం కూడా ఆ నెలల్లో రాకపోవచ్చు. క్రెడిట్ తగ్గితే చందా కూడా తగ్గుతుంది కనుక మీరు నష్టపోయినట్లు కాదు, లాభం చిన్నదైంది, అంతే. ఈ ఏర్పాటును పన్నెండు నెలల లెక్కతోనే తూచాలి.

పైగా బిల్లుల మధ్య కాలవ్యవధి మరో చిక్కు తెస్తుంది. ఏప్రిల్‌లో తయారైన కరెంటు తాలూకు క్రెడిట్ మే లేదా జూన్ బిల్లులో కనబడవచ్చు. దాని చందా మరో తేదీన రావచ్చు. నేను అద్దె ఇంట్లో ఉన్న రోజుల్లో ఇలాంటి చందా తీసుకుని, సంతకం చేసిన తర్వాత మొదటి క్రెడిట్ కోసం ఐదు నెలలు ఎదురుచూశాను. తర్వాత ఒక నెలలో బిల్లులో లేని క్రెడిట్‌కు చందా వసూలు చేశారు. రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టుకుని వరుసగా తేదీలు రాసుకున్నందువల్లనే ఆ పొరపాటు నా కంట పడింది, డబ్బు తిరిగి వచ్చింది. బ్యాంకు నుంచి డబ్బు దానంతట అదే వెళ్లిపోయేలా పెట్టుకున్నవారు ఇలాంటివి గమనించరు. మీరు ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, ప్రతి నెలా తయారైన యూనిట్లు, వచ్చిన క్రెడిట్, కట్టిన చందా, ఈ మూడు అంకెలూ రాసుకోండి.

మరొక్క సంగతి. మీ వాటా మీ వాడకానికి సరిపడా ఉందో లేదో చూసుకోండి. మీ రాష్ట్రంలో వాటా మీ సంవత్సరపు వాడకంలో 120 శాతం దాకా ఉండవచ్చు, కాని అంత తీసుకోవడం మంచిది కాదు. పిల్లలు చదువుకు వెళ్లిపోయి ఇంట్లో వాడకం తగ్గితే క్రెడిట్లు పోగుపడతాయి, వాటికి మీరు చందా మాత్రం ముందే కట్టేసి ఉంటారు. సంవత్సరపు వాడకంలో 80, 90 శాతానికి సరిపడే వాటా తీసుకోవడం క్షేమమైన దారి. ఉదాహరణకు న్యూజెర్సీలో ఒక కిలోవాట్ పలకలు సంవత్సరానికి సుమారు 1,200 యూనిట్లు ఇస్తాయి. నెలకు 500 యూనిట్లు వాడే ఇంటికి 4 నుంచి 4.5 కిలోవాట్ల వాటా సరిపోతుంది.

ప్రశ్న: ఒప్పందం 14 పేజీలు ఉంది. అన్నీ చదివే ఓపిక లేదు. వచ్చే సంవత్సరం ఇల్లు మారే అవకాశం కూడా ఉంది. వారు నా విద్యుత్తు ఖాతా పాస్‌వర్డ్ అడుగుతున్నారు, ఇవ్వవచ్చా? (జెర్సీ సిటీ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: పాస్‌వర్డ్ ఇవ్వకండి. చందాలో చేర్చడానికి వారికి మీ ఖాతా సంఖ్య, బిల్లు నకలు సరిపోతాయి. పాత వాడకం వివరాలు కావాలంటే విద్యుత్తు సంస్థ నుంచి మీ అనుమతితో తీసుకునే పద్ధతి వేరే ఉంది.

ఒప్పందంలో మొదట వెతకవలసింది, ఇది నిజంగా కమ్యూనిటీ సోలార్ ఒప్పందమేనా అన్న సంగతి. న్యూజెర్సీలో కరెంటు సరఫరాదారును మార్చుకునే స్వేచ్ఛ వినియోగదారులకు ఉంది. దాన్ని ఆసరా చేసుకుని, సోలార్ పేరు చెప్పి, మిమ్మల్ని వేరే సరఫరాదారు దగ్గరకు మార్చేసే కాగితం మీద సంతకం పెట్టించేవారు ఉన్నారు. అలాంటి ఒప్పందంలో మొదటి కొన్ని నెలలు ధర తక్కువగా ఉండి, తర్వాత పెరిగే ప్రమాదం ఉంది. కమ్యూనిటీ సోలార్‌లో మీ సరఫరాదారు మారడు. కాగితంలో యూనిట్‌కు ఇంత అని సరఫరా ధర రాసి ఉండి, ఏ ప్లాంటులో మీ వాటా ఎంతో రాసి లేకపోతే సంతకం పెట్టకుండా వచ్చేయండి.

తర్వాత చూడవలసింది తగ్గింపును ఎలా రాశారన్నది. "క్రెడిట్ విలువలో ఇంత శాతం తగ్గింపు, ఒప్పంద కాలమంతటికీ" అని ఉంటే నిశ్చింత. యూనిట్‌కు ఒక స్థిర ధర పెట్టి, అది ఏటా రెండు శాతం పెరుగుతుందని రాసి ఉంటే మాత్రం నేను తీసుకోవద్దనే చెబుతాను, ఎందుకంటే విద్యుత్తు సంస్థ ఇచ్చే క్రెడిట్ కూడా అంతే వేగంగా పెరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పెరగని సంవత్సరం చందాయే క్రెడిట్‌ను మించవచ్చు. చేరడానికి రుసుము అడిగినా అంతే, వద్దనండి. ప్లాంటు కరెంటు ఇవ్వడం మొదలుపెట్టక ముందు మీరు ఒక్క డాలరు కూడా కట్టవలసిన పని ఉండకూడదు.

ఇల్లు మారడం గురించి: కొత్త ఇల్లు అదే విద్యుత్తు సంస్థ పరిధిలో ఉంటే చందాను కొత్త ఖాతాకు మార్చుకోవచ్చు. జెర్సీ సిటీ పీఎస్ఈ అండ్ జీ అనే విద్యుత్తు సంస్థ పరిధిలో ఉంది; అక్కడి నుంచి జేసీపీ అండ్ ఎల్ అనే మరో సంస్థ పరిధిలోని ఊరికి వెళితే పాత చందా మీతో రాదు. అందుకే మానుకునే షరతు మీకు అన్నిటికంటే ముఖ్యం. ఎన్ని రోజుల ముందు చెప్పాలి, జరిమానా ఉందా, ఈ రెంటికీ ఒప్పందంలోనే జవాబు ఉండాలి. 60, 90 రోజుల ముందస్తు నోటీసు ఉండటం మామూలే. జరిమానా మాత్రం ఇవాళ అనవసరం, ఎందుకంటే జరిమానా అడగని చందాలు కావలసినన్ని దొరుకుతున్నాయి. మీరు చెప్పిన తేదీ తర్వాత కూడా విద్యుత్తు సంస్థ పుస్తకాల్లో మీ పేరు కొంతకాలం కొనసాగవచ్చు, ఆ కాలానికి క్రెడిట్ వచ్చినంత వరకే చందా కడతానని రాయించుకోండి.

రెండు బిల్లుల తలనొప్పి కూడా క్రమంగా తగ్గుతోంది. న్యూయార్క్ 2019 డిసెంబరులో ఇచ్చిన ఆదేశంతో, చందాను విద్యుత్తు సంస్థే మినహాయించుకుని మిగిలిన తగ్గింపును మాత్రమే మీ బిల్లులో చూపించే పద్ధతి వచ్చింది. ఒకే బిల్లు, అందులో ఒకే వరుసలో ఆదా. ఈ పద్ధతి ఉన్న చోట చందా తీసుకోవడానికి నేను ఎవరినీ రెండోసారి ఆలోచించమని చెప్పను.

ప్రశ్న: మా అమ్మగారు సీనియర్ల గృహంలో ఉంటారు, ఆదాయం చాలా తక్కువ. క్రెడిట్ స్కోరు లేదు. ఆమెను ఎవరైనా చేర్చుకుంటారా? (పిస్కాటవే)

సమాధానం: చేర్చుకోవడమే కాదు, ఆమె వంటివారి కోసమే న్యూజెర్సీ ఈ కార్యక్రమాన్ని రూపొందించింది. ప్రతి ప్లాంటు సామర్థ్యంలో కనీసం 51 శాతం తక్కువ, మధ్యస్థ ఆదాయం ఉన్న కుటుంబాలకు కేటాయించాలని అక్కడి నియమం. అంటే కంపెనీలకే మీ అమ్మగారి అవసరం ఉంది. ఆదాయాన్ని స్వయంగా ధ్రువీకరిస్తూ సంతకం చేసే వీలు కూడా కల్పించారు. పన్ను కాగితాల కోసం పెద్దవారిని తిప్పించే అవసరం లేకుండా చేసిన ఈ మార్పు నాకు ఎంతో నచ్చింది. కరెంటు బిల్లు ఆమె పేరునే వస్తుందో, అద్దెలో కలిసి ఉంటుందో ముందు తెలుసుకోండి. సొంత మీటరు ఉంటే ఈ వారమే దరఖాస్తు చేయించండి. గృహం మొత్తానికి ఒకే మీటరు ఉంటే నిర్వాహకులే చందా తీసుకోవాలి, వారితో మాట్లాడే బాధ్యత పిల్లలుగా మీరు తీసుకోండి. ఇంటి ఖర్చును నెలనెలా లెక్కపెట్టుకునే మనిషికి ఇరవై డాలర్లు చిన్న మొత్తం కాదు.

ప్రశ్న: చందాదారులకు సోలార్ పన్ను రాయితీ వస్తుందా? మా ఇల్లు సౌర విద్యుత్తుతో నడుస్తోందని చెప్పుకోవచ్చా?

సమాధానం: రాయితీ రాదు. ఇంటి యజమానులకు 30 శాతం ఇచ్చిన సమాఖ్య రాయితీ సొంతంగా కొనుక్కున్న పలకలకే వర్తించేది. 2025 జూలైలో వచ్చిన చట్టంతో 2025 డిసెంబరు 31 తర్వాతి ఖర్చుకు అదీ ఆగిపోయింది. రెండో ప్రశ్నకు కూడా, కచ్చితంగా మాట్లాడితే, జవాబు కాదనే. ఆ కరెంటు పర్యావరణ విలువను తెలిపే ధ్రువపత్రాలను చాలా రాష్ట్రాల్లో విద్యుత్తు సంస్థలకు ఇచ్చేస్తారు. ధ్రువపత్రం అమ్మేసిన వ్యాపారి తన కరెంటు పునరుత్పాదకమని చెప్పుకుంటే, అది వినియోగదారులను తప్పుదోవ పట్టించడమేనని సమాఖ్య వాణిజ్య కమిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీరు నిజాయితీగా చెప్పుకోగలిగిన మాట ఇంకొకటి ఉంది: చందాదారులు లేకుండా ఆ ప్లాంటు నడవదు, ఆ చందాదారుల్లో మీరొకరు.

ప్రశ్న: డాలస్ ప్రాంతంలో అద్దెకు ఉంటున్నాము. ఇక్కడ చేరవచ్చా?

సమాధానం: న్యూజెర్సీ, మిన్నెసోటాల వంటి రాష్ట్రవ్యాప్త కమ్యూనిటీ సోలార్ చట్టం టెక్సస్‌లో లేదు. ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాల సొంత విద్యుత్తు సంస్థలు తమ వినియోగదారులకు ఇలాంటి పథకాలు నడిపాయి, మీరు ఆ పరిధిలో లేరు. మీకు ఆ పేరుతో ఎవరైనా అమ్మితే అది చాలావరకు మామూలు సరఫరా ప్లానే అయి ఉంటుంది. ప్రతి ప్లాన్‌కూ ఇవ్వవలసిన విద్యుత్తు వివరాల పత్రం అడిగి, 500, 1,000, 2,000 యూనిట్ల దగ్గర సగటు ధర ఎంతో ఇతర ప్లాన్లతో పోల్చి చూసుకుని నిర్ణయించుకోండి.

ప్రశ్న: ఢిల్లీ ద్వారకలో ఒక హౌసింగ్ సొసైటీలో నాలుగో అంతస్తులో మా ఫ్లాట్. మేడ అందరిదీ. ఇండియాలో ఇలాంటి చందా ఏదైనా ఉందా?

సమాధానం: అమెరికాలోలాగా కంపెనీలు ఇంటింటికీ వచ్చి చందాలు చేర్పించే పద్ధతి ఇక్కడ ఇంకా అంతగా లేదు కాని, దాని కింద ఉన్న లెక్క మాత్రం ఇండియాలోనూ ఉంది. దాన్ని వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు. ఒకచోట ఉమ్మడిగా పెట్టిన ప్లాంటు నుంచి గ్రిడ్‌లోకి వెళ్లిన యూనిట్లను, సభ్యులు ముందే రాసుకున్న నిష్పత్తిలో, వారి వారి బిల్లుల్లో తగ్గిస్తారు. ఢిల్లీ విద్యుత్ నియంత్రణ కమిషన్ దీనికి 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. సభ్యులందరి కనెక్షన్లూ, ప్లాంటూ ఒకే డిస్కమ్ (విద్యుత్తు పంపిణీ సంస్థ) పరిధిలో ఉండాలి. మీ సొసైటీకి అది సమస్య కాదు. ఇక్కడ నెలనెలా చందాకు బదులు, సభ్యులు పెట్టుబడి పంచుకోవడమో, పెట్టుబడి పెట్టే సంస్థతో యూనిట్‌కు ధర మాట్లాడుకోవడమో చేస్తారు.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద, లిఫ్టు, బోరు మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి అవసరాలకు ప్లాంటు పెట్టుకునే సొసైటీలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున మొత్తం 500 కిలోవాట్ల వరకు ఇది వర్తిస్తుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో అపార్ట్‌మెంట్లలో ఉండే మన పాఠకులు కూడా దీన్ని వాడుకోవచ్చు, నెలనెలా నిర్వహణ రుసుములో కొంత భాగం ఈ ఉమ్మడి కరెంటుకు పోతోంది కనుక మొదటి అడుగుగా నేను దీన్నే సూచిస్తాను. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి, రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. పదిహేను కిలోవాట్లకు పదిహేను వందల చదరపు అడుగులు పోతే, నీళ్ల ట్యాంకుల నీడ, బట్టలు ఆరేసుకునే తీగలు, వడియాలు పెట్టుకునే మూల అన్నీ చర్చకు వస్తాయి. పలకలను ఏడెనిమిది అడుగుల ఎత్తు చట్రాల మీద బిగిస్తే కింద మేడ వాడుకోవచ్చు. దానికి చట్రం ఖర్చు పెరుగుతుంది, గాలి తట్టుకునే బలం ఇంజనీరు చేత లెక్క వేయించాలి.

మీ సొసైటీ సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసేటప్పుడు ఎవరి వాటా ఎంత శాతమో, ఫ్లాట్ అమ్మితే ఆ వాటా కొత్త యజమానికి వెళుతుందో లేదో, అద్దెకు ఇస్తే తగ్గింపు ఎవరికి చెందుతుందో, పలకలు కడిగే ఖర్చు, ఇన్వర్టర్ మార్చే ఖర్చు ఏ నిధి నుంచి వస్తాయో అందులోనే రాయించండి. ఆ తీర్మానం నకలు, సభ్యుల కనెక్షన్ సంఖ్యలు, వాటాల పట్టిక జతచేసి డిస్కమ్‌కు దరఖాస్తు చేస్తే, ఎవరి బిల్లులో ఎంత తగ్గించాలన్న విషయంలో తర్వాత తగువు రాదు.